మోరి మూత

నల్లగొండ అయిపోయి
పానగల్లు ఇంకా రాకముందు
పత్తి చేను మీద సున్నం గీతలు గీస్తే లేచిన కాలనీ మాది.
మలుపు కాడ నా ఇస్త్రీ బండి.
ఇటు మున్సిపాలిటోళ్లు తవ్విన మోరి,
అటు పోలీసోళ్లు పాతిన కెమెరా పోలు,
నడుమ నేనూ, బొగ్గులూ.

మోరికి కొబ్బరికాయ కొట్టింది ఎలక్షన్ల ముంగట.
చిప్పలు ఇంకా గుంతలనే ఉన్నయి.
నాలుగు నెలల సంది
చెక్క మీద అడుగేసి ఇండ్లల్లకు పోతున్నరు మా వాళ్లు,
ఎవల ఇంటికి వాళ్లే చుట్టాలయినట్టు.

కెమెరాకు చందా అన్నరు.
ఖాజా సారు ఇల్లిల్లు తిరిగిండు, టోపీ చంకల పెట్టుకొని.
"ఒక్క కెమెరా వంద మంది పోలీసుల పెట్టు, అక్కా."
రెండు వందలిచ్చిన.
రెండు వందలంటే ఇరవై అంగీలు.
రశీదు మీద సోమలక్ష్మిని సోమక్క చేసిండు,
దిద్దమనలే.

మోరి తవ్వవచ్చినోళ్లల్ల కుర్మయ్య,
మక్తల్ అవతలి పిల్లగాడు.
పొద్దు నడినెత్తికి వస్తే నా బండి నీడకొచ్చి సద్ది ఇప్పెటోడు.
ఒక్కటే అంగి,
సిమెంటు అట్టగట్టి
ఇడిసిపెడితే దానంతటదే నిలబడేది.

నా బండి కింద ఒక అంగి ఉండె.
తాసిల్ ఆఫీసు సారుది.
నిరుడు ఎవలో పిలిస్తే తల తిప్పిన,
పెట్టె వీపు మీద ఆగిపోయింది.
పడవ తీరు మచ్చ.
నాలుగు వందలు కట్టించుకొని
అంగి నా మొఖాన ఏసిపోయిండు సారు.
కొన్నట్టే కదా,
కుర్మయ్యకిచ్చిన.
"వీపు ఎట్లయినా మనకు కనబడదుగదక్కా"
అని తొడుక్కున్నడు.

కాంట్రాక్టరు ఫోను బందువెట్టిండు.
కూలోళ్లు రోజొకలు తక్కువైతూ పోయిండ్రు.
ఒక తెల్లారి చూస్తే
మోరి మీది ఇనుప మూత లేదు.
ట్యూషన్‌కు పోయే పద్మశాలోళ్ల పిల్లగాని సైకిలు
ముందటి చక్రం దిగబడ్డది.
పన్ను విరిగింది.
ఆ పన్ను వాళ్లమ్మ చీర కొంగుల కట్టుకొని తిరిగింది, రెండు రోజులు,
ఎవలకు చూపెట్టాల్నో తెల్వక.

వాటర్ ట్యాంకు కింద మీటింగు.
ఖాజా సారు కంప్యూటరు తెరిచిండు.
రాత్రి కెమెరాకు రంగులుండయి.
మనిషి వంగిండు,
మూత ఎత్తిండు,
మొఖం లేదు.
వీపు మీద పడవ.

అందరు మొఖం కోసం దేవులాడుతున్నరు.
"ఇంకెవలు, పాలమూరు లేబర్" అన్నది
వెనకనుంచి ఒక గొంతు, పల్లీలు నములుకుంట.
నా కండ్లు పడవ కాడనే ఆగినయి.
అటుపక్క ఆ పిల్లగాడు
పైపెదవి వాచి, తల్లి కొంగు పట్టుకొని నిలబడ్డడు.

"అంగి నాది సారూ" అన్న.
"నాలుగు వందలు పెట్టి కొన్న."
"మరి మనిషి?"
"మనిషిని కొనలే."

ఎవలో నవ్విండ్రు.
ఖాజా సారు నవ్వలే.
"ఇరవై రెండు రోజుల కూలి ఎగవెట్టి పోయినాయన
ఏ తోవల పోయిండో
ఆ తోవల మన కెమెరా లేదా" అనడిగిన.
కంప్యూటరు మూసిండు.
కాయితం మీద ఏం రాసిండో నాకు తెల్వదు.
చెప్పుడు మంచిదో, చెప్పకపోవుడు మంచిదో
అదీ తెల్వదు.
పన్నయితే మళ్ల రాదు.

ఆ రాత్రి నిద్ర పట్టలే.
బండి మీది చెక్క పీకుకొచ్చి
పొక్క మీద ఏసిన, ఎర్రగుడ్డ కట్టిన.
రెండు గొట్టంగ టార్చి వెలుగు.
బీటు తిరుగుతున్న ఖాజా సారు
బండి మోటర్ బందు చేసి
ఏం మాట్లాడకుంట
పక్కనున్న కంకర రాళ్లు ఒక్కొక్కటే తెచ్చి
చెక్క కదలకుంట అంచులకు పెట్టవట్టిండు.
ఇద్దరం వంగి ఉన్నం.

పైన పోలు మీద ఎర్రచుక్క మెరుస్తున్నది.
నా రెండు వందల కన్ను.
దానికిప్పుడు
మా వీపులే కనబడుతున్నయి.