కొలబద్ద: మూడు టీలు, ఒక పంక్చరు

ఎరువుల కొట్లో ఊరికే ఇచ్చిన డైరీ,
ప్రతి పేజీ అడుగునా పొటాష్ మోతాదు.
పైనున్న ఖాళీలో
ఆ రోజు నేను తిరిగిన దారి.

ఆమదాలవలస గేటు దగ్గర మొదలవుతుంది గీత.
గేటు పడితే ఒక చుక్క.
రెండు గూడ్సులు పోయేదాకా నిలబెడితే రెండు.
సరుబుజ్జిలి దాటాక టీ బడ్డీ, దానికో గ్లాసు బొమ్మ.
మైళ్ళు నాకు లెక్క కాదు.
నా పటంలో జానెడంటే
మూడు టీలు, ఒక పంక్చరు.

మోపెడ్ వెనక స్టీలు బేసిన్లు, క్యారేజీలు.
గలగలమంటే తారు, దడదడమంటే కంకర.
ఆ చప్పుడూ గీస్తాను, అలలు అలలుగా.
అమ్మిన ఊరికి నీలం సిరా,
అప్పు పెట్టిన ఊరికి ఎరుపు,
ఉత్త చేతులతో తిరిగొచ్చిన ఊరికి పెన్సిలు,
రేపైనా చెరపొచ్చని.
కుక్క కరిచిన సందుకి రెండు కోరలు.
అడక్కుండా మజ్జిగ ఇచ్చే ఇంటికి దీపం.

మొదట అడిగింది మా గుంట హేమావతి, ఐదో తరగతిలో.
"ఇయాల ఏయే ఊర్లు తిరిగినావేటి నాన్నా, బొమ్మెయ్యి."
అదిప్పుడు విజయనగరంలో నర్సింగు చదువుతోంది,
బొమ్మలడగదు.
నాకే అలవాటు పోలేదు.
సజ్జ మీద పదకొండు డైరీలు,
ఒకదాన్ని చెదలు తిన్నాయి, కొత్తూరు వైపంతా.

వంశధారని మాత్రం ఏటేటా కొత్తగా గీయాలి.
గీసిన చోట ఉండే రకం కాదది.

ఆరో డైరీలో గుమ్మడోరిపేట ఉంది.
నలభై రెండు గడపలు, అంతా నీలం.
ఏడో డైరీకి దాని మీద నీళ్ళు.
రిజర్వాయరు గట్టున మోపెడ్ ఆపి చూశాను.
తారు రోడ్డు, నడుమ తెల్ల గీతతో సహా,
తిన్నగా నీళ్ళలోకి దిగిపోయింది
స్నానానికి వెళ్తున్నట్టు.
ఆ రాత్రి ఏం గీయాలో తెలీక
పొటాష్ మోతాదు చదువుతూ కూర్చున్నాను.

మొన్న కాలనీలో, ఒకే కొలత ఇళ్ళ మధ్య,
కలిశెట్టి అసిరమ్మ పాత చెంబు తెచ్చింది మారకానికి.
బూడితి ఇత్తడి, అడుగున సొట్ట.
తూకం వేస్తుంటే డైరీ జారి
ఆ పేజీయే తెరుచుకుందంటే అబద్ధం.
నేనే వెతికి చూపించాను.

ఆవిడకి చదువు రాదు. చాలాసేపు చూసింది.
"ఇదేటి, ఊరంతా ఇలాగ తిరగేసీసినావు?
మా వీధరుగు కాడ కూకుంటే
ఏరు ఎడంసేతి పక్కనుంటాది.
సూరీడు రామకోవిల ఎనక దిగుతాడు."

నిజమే.
ఆ ఊర్ని ఎప్పుడూ వచ్చే దారిలోంచే చూశాను,
బేరానికొచ్చినవాడి కళ్ళతో.
అరుగు మీద కూర్చుని చూస్తే ఎలా ఉండేదో
నా పటానికి తెలీదు.

"పెన్నిటివ్వు."
సూదిలోకి దారం ఎక్కించే దానిలా పట్టుకుంది.
ఇంటి చుక్క నుంచి నూతికి ఒక గీత,
నూతి నుంచి తోటికోడలి ఇంటికి,
అక్కడ పెన్ను కాసేపు ఆగింది,
ఏవో మాటలు అయినట్టున్నాయి,
మళ్ళీ కళ్ళానికి.
కాగితం చిరిగేంత గట్టిగా,
నా నీలం దారిని మూడు చోట్ల దాటుకుంటూ.
కళ్ళం ముందర గెడ్డ దగ్గర
ఒక్క చుక్క అదిమి పెట్టింది.
"ఇక్కడ జారుడు. వానల్లో సూసుకుని నడు"
అంది,
నీళ్ళ కింది దారి గురించి.

చెంబుని తక్కెట్లోంచి తీసేసుకుంది.
నేనేమీ అనలేదు.

రాత్రి డైరీ తీశాను.
గేటు, రెండు చుక్కలు.
గ్లాసు బొమ్మ.
కాలనీ.
బేరం లేదు, లెక్కప్రకారం పెన్సిలు పట్టాలి.
సిరాతోనే గీశాను.
ఆరకముందే మూసినట్టున్నాను,
పొద్దున చూస్తే
పొటాష్ మోతాదు మీదంతా నీలం.