ఒక్క ఊపిరిలో లెక్క

సోమవారం పొద్దున, సూదికి ముందు,
ఒక్క ఊపిరిలో ఇరవై ఏడు దాకా లెక్కపెట్టాను.
పక్కింటి రహమత్ అంచు విరిగిన పలక మీద రాసింది.
మార్కాపురంలో పలకలకేం కరువు,
పద్దెనిమిదేళ్లు రాయి చీల్చిన చేతులివి.
ఇప్పుడు సాయంత్రమైతే
జుట్టు ముడేసుకోవడానికి పైకి లేవవు.

రెప్పలు నా మాట వినవు.
ఇడ్లీ సగం నమిలేసరికి దవడ పని మానేస్తుంది.
గొంతు ముక్కులోకి జారితే
ఫోన్లో మా చెల్లెలే "ఎవరండీ?" అంటుంది.
ఒంగోలు డాక్టరమ్మ రోగం పేరు రెండుసార్లు చెప్పింది,
నాకు నోరు తిరగలేదు.
కంచే చేను మేసిందంటారు, అంతేగా, అన్నాను.
అంతే, అంది.

మరి ఆ కంచెను అణచడానికి రోజూ మాత్రలు మింగుతూ
మళ్లీ దాన్నే తట్టి లేపే సూదేంది?

రేషన్ షాపు కాడ వెంగమాంబ చెప్పింది,
తోడికోడలి తమ్ముడికి సూది తర్వాత కాళ్లు పడిపోయాయంట.
ఏ సూది? తెలీదు.
ఏ ఊరు? పొదిలి అవతల.
ఆ మాటను నేను తోసేయలేదు.
అదే పొదిలి మీదుగా, మూడు గంటల బస్సులో
ఒళ్లో పెట్టుకుని పోయి
డాక్టరమ్మ బల్ల మీద పెట్టాను.

ఆమే తోసేయలేదు.
"భయం సున్నా అని చెప్పను.
ఈ మాత్రలు వాడినన్నాళ్లు
బతికున్న క్రిమితో చేసిన టీకా నీకు వద్దు.
ఇది చచ్చిన క్రిమి.
రెండ్రోజులు ఒళ్లు వెచ్చబడొచ్చు, నీరసమూ రావొచ్చు.
అసలు ఫ్లూ పట్టుకుంటే మాత్రం నీ ఊపిరికే ఎసరు."
చీటీ ఇస్తూ ఆగింది.
"లెక్క పదిహేను దాటకపోతే
పొద్దూ మాపూ చూడకుండా వచ్చెయ్."

మందుల షాపులో కొని, ఐసు ఫ్లాస్కులో తెచ్చాను.
నర్సు కాశింబీ చీటీని పెదాలు కదుపుతూ రెండుసార్లు చదివి
అప్పుడు వేసింది.
అరగంట కూర్చోమని
గంట కూర్చోబెట్టింది.

మంగళవారం పద్దెనిమిది.
బలపం పట్టుకుని రహమత్ నా మొహం చూసింది.
రాయమ్మా, అన్నాను.
ఆ రాత్రి చీకట్లో మళ్లీ మళ్లీ లెక్క.
పదహారు దగ్గర ఆగడం, మళ్లీ ఒకటి.
వెంగమాంబ మాట
తెల్లారేదాకా గడపలోనే కూర్చోనుండాది.

బుధవారం ఇరవై రెండు.
శుక్రవారం ఇరవై ఆరు.

"ఇంకొకటేదీ?" అంటుంది రహమత్.
తెలీదు తల్లీ.
సూది తీసుకుందో, వయసు తీసుకుందో,
పలకల దుమ్ము ఎప్పుడో తీసుకుని
ఇప్పుడు లెక్క చెప్పిందో.
చెరపొద్దు,
అట్నే ఉండనీ.