రెండే కన్నాలు

కొత్త లాప్‌టాప్‌కి ఎడమపక్క రెండు కన్నాలు.
అంతే.
గోరుతో గీసినట్టు సన్నగా,
అచ్చం కవలల్లా.
కుడిపక్క ఏమీ లేదు, నున్నటి చెక్కిలి.

తైనాన్ నుంచి తైపే వచ్చే రైల్లో
టికెట్టు వెనకాల లెక్క రాసుకున్నాను:
పదిహేను పిన్నుల నీలిమూతి ప్రొజెక్టరు,
కాలితో నొక్కే పెడలు,
సౌండు మిక్సరు, కెమెరా కార్డు,
ఇవన్నీ పోగా కరెంటు.

చేతిబొమ్మల బృందంలో తెరమీద అక్షరాలు వేసేదాన్ని నేను.
బొమ్మలు హొక్కియన్‌లో మాట్లాడతాయి,
కుర్రకారు మాండరిన్‌లో చదువుకుంటారు.
పెడలు ఒక్కసారి మొరాయిస్తే చాలు,
చచ్చిపడున్న సేనాపతి తల మీద
అతని పెళ్లినాటి సరసం వెలుగుతుంది.
వెలిగింది కూడా, పోయిన మార్చిలో.
జనం చప్పట్లు కొట్టారు.
మాస్టారు మూడురోజులు నాతో మాట్లాడలేదు.

ఎలక్ట్రానిక్స్ బజారు, మూడో అంతస్తు.
కో అత్త కళ్లజోడు నుదుటి మీదకి తోసుకుంది.
నేను ధర అడిగాను.
"ముందు నీ కన్నాలు చూపించు" అంది.

వేలితో తడిమింది.
"దీని పక్కన చిన్న మెరుపు గుర్తుంది, చూశావా?
దీనికి లేదు.
లేనిది అన్నం తింటుంది, ఉత్తరాలు మోస్తుంది,
తెరకి మాత్రం పనికిరాదు.
తెలియక ఇందులో గుచ్చి
ప్రొజెక్టరు పాడైందని ఏడ్చేవాళ్లు
వారానికి నలుగురొస్తారు."

రెండు తెల్లతీగలు నా ముందు పడేసింది.
ఒకటి ఫోనుతో వచ్చిందట, చార్జింగు తప్ప ఏమీ చేతకాదు.
రెండోది అన్నీ మోస్తుంది.
తిప్పి తిప్పి చూశాను.
పైన పటారం రెండిటికీ ఉంది,
లోన లొటారం దేనికో
తీగ చెప్పదు.

పన్నెండు మూతుల డాకు మీద నా చూపు పడింది.
వెండిరంగు, బరువు, దొరసానిలా కూర్చుంది.
"నీ చార్జరెంత?"
"అరవై ఐదు వాట్లు."
"మధ్యవాడు ఊరికే కూర్చోడమ్మాయ్,
పదిహేను తన కూలి కింద కోసుకుంటాడు.
మిగిలిన యాభైతో నీ యంత్రం
రెండో అంకం దాకా వచ్చి..."
కనురెప్పలు మెల్లగా దించింది కో అత్త.
మా బొమ్మలకన్నా బాగా చచ్చిపోయింది.

"ఇంతకీ ఎక్కడ వాడతావు?"
లారీ మీద కట్టిన వేదిక, జెనరేటరు,
తుఫాను ముందు జల్లు, అని చెప్పాను.
డాకు తీసి అరలో పెట్టేసింది.
తన లాభం తనే అరలో పెట్టుకున్న మనిషిని
ఆ బజారులో అదే మొదలు చూడటం.

మెరుపున్న కన్నానికి ఒక్క నీలిమూతి అడాప్టరు.
లేనిదానికి పొట్టితోక హబ్బు,
కరెంటు, పెడలు, మిక్సరు, కార్డు అన్నీ దాని పాలు.
"అన్నిటినీ ఒకరికే అప్పగించకు.
ఒకటి పోతే రెండోది బతికుండాలి."
రసీదు మీద ఇంకో మాట రాసింది:
మంచితీగ ఎవరికీ అరువివ్వకు.

రాత్రి మాస్టారు ట్రంకుపెట్టె మీద కూర్చుని
ముసలిమంత్రి గడ్డం అతికిస్తున్నారు.
హబ్బు అందుకుని అటూ ఇటూ తిప్పారు,
చూపుడువేలు దూర్చబోయారు, దూరలేదు.
నవ్వొచ్చింది ఆయనకి.

"నలభై బొమ్మలకీ కింద ఒకటే కన్నం,
దూరేదీ ఈ చెయ్యే.
అయినా ఈ మంత్రిగాడికి మెడ తిరగదు.
చెక్కినవాడు లోపల ఎక్కడో
కాస్త చెక్క అడ్డం వదిలేశాడు.
వేలు పెట్టేదాకా తెలియదు,
పెట్టేసరికి ఆట మొదలైపోతుంది."

ఆదివారం ఆటకి హబ్బు
అప్పుడే పెట్టిన గుడ్డులా వెచ్చబడింది.
జెనరేటరు రెండుసార్లు దగ్గింది,
పెడలు పోయింది.
తెర పోలేదు.
వేళ్లతో నొక్కుకుంటూ చివరిదాకా లాగాను.
సేనాపతి మర్యాదగా చచ్చాడు.

చీకట్లో మెరుపు గుర్తు ఎలాగూ కనబడదు.
సంచిలోంచి ఎర్ర గోళ్లరంగు తీసి
ఆ కన్నం పక్కన ఒక చుక్క పెట్టాను.
ఊదుతూ ఆరబెడుతుంటే
మాస్టారు వెనకనించి మంత్రిని చాపారు,
అంగీ అంచు పైకెత్తి:

"వీడికీ ఒకటి."