ఆవు కూర్చున్న రాత్రి

పంతొమ్మిదేళ్లుగా నా చోటు అదే:
కుడి వింగు పక్కన, మంటలార్పే డబ్బా కింద,
ఒక కాలు కుంటి కుర్చీ.
ఒళ్లో స్క్రిప్టు, చేతిలో నీలం కాగితం చుట్టిన టార్చి.
మరిచిపోయినవాళ్లకి మాట అందించడం నా పని.
నాకు పార్టు లేదు. అందరి పార్టులూ నావే.

వేల్స్ పడమటి తీరంలో జనవరి.
చర్చి హాలు కిటికీల మీద సముద్రం ఉప్పు పేరుకుని
వీధి దీపం నానిన నారింజ తొనలా ఉంది.
హీటరు పెడితే మాటలు వినబడవు,
ఆపితే పళ్లు టకటకలాడతాయి.
ట్రెవర్ ఎవరిదో పైపు బాగుచేసి నేరుగా వస్తాడు,
గోళ్లలో మడ్డి కడుక్కోకుండానే
గౌను లోపల రెండు బెలూన్లు దోపుకుని
పాలమ్ముకునే విధవరాలైపోతాడు.
మీసం తియ్యనంటాడు. దాని మీదే పౌడరు.
రాకుమారుడు మా చేపల కొట్టు పిల్ల, నెరిస్.
బూట్లేసుకుని తొడ చరిచి నిలబడిందంటే
ముందు వరస ముసలమ్మలు కూడా జుట్టు సర్దుకుంటారు.

ఇక ఆవు.
ముందు కాళ్లు ఆల్విన్, వెనక కాళ్లు డెస్మండ్.
పక్కపక్క ఇళ్లు, మధ్యన ఒక మొక్కల కంచె.
దాన్ని ఎంత ఎత్తున కత్తిరించాలన్న దగ్గర
పదకొండేళ్ల కిందట మాటలు ఆగిపోయాయి.
వేషం మాత్రం ఇద్దరూ వదల్లేదు.
ఆ తోలు ఇంకెవరికీ పట్టదని ఆల్విన్,
ఆ ముందువాడి నడక ఇంకెవరికీ తెలీదని డెస్మండ్,
నాతోనే అన్నారు, విడివిడిగా.
రిహార్సల్లో రోవెనా చప్పట్లు కొడుతుంది, ఎడమ, కుడి, ఎడమ.
వాళ్లకి అక్కర్లేదు. ఒకడి నడుం ఒకడు పట్టుకుని
కాడి కట్టిన జతలా అడుగు కలుపుతారు.
తర్వాత తల విప్పి, చెమట తుడుచుకుని
చెరో తలుపులోంచి పోతారు.

శుక్రవారం, రెండో ఆట.
విధవరాలు ఆవుని అమ్మాలి, ఏడవాలి, జనం అయ్యో అనాలి.
దొంగ ఎక్కడ పిల్లలూ అంటే, కప్పు లేచిపోయేలా
వెనకాల! నీ వెనకాల!
ఆ గోలలో ఆవు వెనక సగం మెల్లగా కుంగింది.
ముందు సగం నిలబడే ఉంది.
స్క్రిప్టులో అది లేదు. వేలు పెట్టి వెతికాను, లేదు.
జనం పగలబడి నవ్వుతున్నారు.
నాకు మూడడుగుల దూరంలో, గోనెగుడ్డ లోపల,
ముందు నుంచి వెనక్కి ఒక గొంతు:
"మోకాలా?"
కాసేపు ఏమీ లేదు.
వెనక నుంచి ముందుకి:
"ఊఁ. ఎడమది."
"సరే. కూర్చుందాం."
అప్పుడు ముందు సగం కూడా దిగింది,
తోలు మీది మచ్చలు ఒకదాని మీదొకటి సర్దుకున్నాయి,
స్టేజి నడిమధ్య ఆవు మొత్తం
నెమరేస్తున్నట్టు నిమ్మళంగా.

ట్రెవర్ నా వైపు చూశాడు.
ఇన్నేళ్లలో మొదటిసారి, అందించడానికి నా దగ్గర మాట లేదు.
తనే తడుముకున్నాడు, మీసంలోంచి పౌడరు రాలుతుండగా:
"అమ్మేస్తానంటే సమ్మె చేస్తావుటే?"
హాలంతా ఈలలు.

ఆట అయ్యాక మళ్లీ చెరో తలుపు.
కంచె ఈ రోజుకీ సగం నడుమెత్తు, సగం భుజమెత్తు.
నేనెవరికీ చెప్పలేదు.
మరిచిపోయిన మాట అందించడమే నా పని,
చాటుగా విన్నది కాదు.

శనివారం ఆఖరి ఆటకి ముందు పెన్సిలు చెక్కుకుని
నలభై రెండో పేజీ అంచున రాశాను:
ఇక్కడ ఆవు కూర్చుంటుంది.
ఆ రాత్రి డెస్మండ్ మోకాలికి పట్టీ ఉంది, మెట్లు చకచకా ఎక్కాడు.
అయినా ఆవు కూర్చుంది.
చాలాసేపు కూర్చుంది.
లోపల ఏదో గొణుగుడు, ఒకసారి చిన్న దగ్గు,
నవ్వేమో కూడా.
నేను టార్చి అటు తిప్పుకుని
ట్రెవర్ తర్వాతి మాట మీద వేలు పెట్టుకున్నాను.