పురి

ఫోటో వెనక పెన్సిల్‌తో ఎవరో రాసిండ్రు:
"వత్తి తుపాకి. పట్టినవాడు ఎడమచేతివాడు."
అంతే. పేరు లేదు, ఊరు లేదు, ఏడాది లేదు.
నల్లగొండ కాలేజీ ప్రదర్శనకు
దాని కింద నాలుగు వాక్యాలు రాయడం నా పని.
జీతం లేదు, చాయ్ ఉంది.

గాజుపలక మీద తీసిన బొమ్మ.
ఒక మూల విరిగి, ఆకాశం ఉండాల్సిన చోట
పాతబెల్లం రంగు మరక.
మనిషి నడుము దాకా నిలకడగా ఉన్నడు,
పాదాలు మాత్రం పొగ.
అంతసేపు కదలకు అన్నప్పుడు
కింద బండ కాలుతుండెనేమో.

తుపాకి అతనికన్న జానెడు పొడుగు.
గొట్టానికి ఇత్తడి కట్లు ఏడు లెక్కపెట్టిన,
ఎనిమిదోది పిడికిలి కింద ఉండొచ్చు.
మందు పోసే చిన్న గిన్నె ఎడమవైపు,
వత్తిని కరిచిపట్టే పాముతల ఎడమవైపు.
ఎరిగిన సారునొకాయన్ని అడిగితే
"ఎడమచేతి వాటానికి చేయించింది, చాలా అరుదు" అన్నడు.
అరుదు అని రాసుకున్న.
ఆ మాట పడంగనే చీటీకి తలపాగా చుట్టినట్టయింది.

శనివారం చండూరు పోయిన.
అండాలత్త ఆసు పోస్తున్నది,
చెయ్యి పోయి వస్తున్నది, పోయి వస్తున్నది,
నన్ను చూసి కూడా ఆగలేదు.
వరుస అయినంక ఫోను తీసుకొని
రెండు వేళ్ళతో బొమ్మను సాగదీసింది.
"ఇది తప్పు."
ఏది అత్తా, తుపాకా?
"తుపాకి సంగతి నాకేమెరుక. తాడు."

మణికట్టుకు చుట్టిన వత్తితాడు,
నేను మురికనుకొని దాటేసింది.
మూడు పేటల నూలు, సురేకారం తాగి బిరుసెక్కింది.
"పురి చూడు. కుడిచెయ్యి తొడ మీద ఇట్ల తోస్తే
గీతలు ఇటు వాలాలె. అటు వాలినయి.
తుపాకోడు ఎడమచేతోడు, తాడు పేనినోళ్ళూ ఎడమచేతోళ్ళు,
ఒక్క బొమ్మల ఇద్దరు దొరికిండ్రా బిడ్డా?
అద్దంల చూసినట్టుంది ఇది."

మీట నొక్కితే మనిషి ఇటు తిరిగిండు.
గిన్నె కుడికొచ్చింది, పాముతల కుడికొచ్చింది.
ఎవరో ఎన్నడో గాజుపలకను బోర్లా పెట్టి అచ్చు తీసినందుకు
ఇన్నేండ్లు ఎడమచేత్తో నిలబడ్డడు పాపం.
అరుదైన తుపాకి పదిమందిల ఒకటయింది.
నిజం చెప్తున్న, కొంచెం బాధైంది నాకు.

పేనింది ఎవరై ఉంటరు అత్తా?
"ఇంత సన్నపు పురి మగోళ్ళకు రాదు,
తొడ మీది వెంట్రుకలు పట్టుకుంటయి" అని నవ్వి
మోకాలి పైన నున్నగ అరిగిన చోటు చూపెట్టింది,
అరచేయంత, దీపపు సెమ్మె అడుగులా మెరుస్తూ.

చీటీ మీద అరుదు కొట్టేసిన.
కుడిచేతివాడు అని రాసిన.
తాడు ఒక కొస నల్లగున్నది,
కాలిందో నీడో చెప్పలేను, అది కూడా రాసిన.
ఆమె గురించి ఏం రాయాలె?
ఫోటోల లేదు. గీతల వాలు మాత్రం ఉంది.

వస్తుంటే అత్త మూరెడు తాడు పేని ఇచ్చింది,
"పక్కన పెట్టు, చూసేటోళ్ళకు తెలుస్తది."
మునుగోడు దాటినంక
జేబుల చెయ్యి పెట్టి చూసిన.
కొసకు ముడి వెయ్యలేదు ఆమె.
కొంచెం కొంచెం
విప్పుకుంటున్నది.