అంచుల్లో పడవలు

వరజ్దాత్ గారిది ఐదో అంతస్తు.
లిఫ్టు ఈ ఏడు కూడా లేదు.
మెట్ల నిండా బూట్ల మంచు కరిగిన తడి,
నా చంకలో అరచెయ్యంత డిజిటల్ పెట్టె,
తలలో మా మేస్త్రీ చెప్పిన ఒకే మాట:
"పాత టీవీలో ఒక చెయ్యి పెడితే
రెండోది జేబులో ఉండాలి.
ప్లగ్గు పీకినా దాని కోపం పోదు."

గ్యూమ్రిలో జనవరి. కిటికీ అద్దానికి లోపలివైపే మంచు పూసింది.
టీవీ మీద అల్లికగుడ్డ, దాని మీద
ఎండి గలగలలాడే దానిమ్మకాయ,
పక్కన ఏంటెనా. ఒక కొమ్మ విరిగితే
భోజనాల ఫోర్కు కట్టారు.
చానెల్ మీట ఊడి ఎన్నేళ్ళయిందో,
దాని మొండిని పటకారు కరుచుకునే ఉంది.
"దులపకమ్మాయ్," అంది వాళ్ళక్క హ్రనూష్,
"ఆ దుమ్మే దాన్ని నిలబెట్టింది."

కొత్త పెట్టెకి మూడు రంగుల తీగలు.
టీవీకి ఒక్కటే నోరు, అదీ ఏంటెనాది.
మధ్యలో ఇంకో డబ్బా తగిలించి
పటకారుతో మూడో నంబరుకి తిప్పి
ముగ్గురం నిలబడ్డాం.
గొట్టం వేడెక్కాలిగా, కాఫీ పొంగేంత సేపు.
ముందు గొంతు వచ్చింది. తర్వాత బూడిద.
బూడిదలోంచి ఒక ముక్కు,
ముక్కు చుట్టూ మెల్లగా వాతావరణం చెప్పే మనిషి.
ఎవరో ఇంటికొచ్చినట్టు
హ్రనూష్ జుట్టు సవరించుకుంది.

ఆయనకి వాతావరణం అక్కర్లేదు.
రాత్రి ఎనిమిదింటి చదరంగం కావాలి.
బల్ల వచ్చింది. ఎనిమిది నిలువు వరసల్లో
ఆరే వచ్చాయి.
ఈ కొసా ఆ కొసా చట్రం మింగేసింది.
"పడవలేవీ?" అన్నాడు.

సముద్రం లేని దేశం మాది.
చదరంగంలో మాత్రం మూలమూలకీ ఒక పడవ కట్టేసి ఉంటుంది.
వేరే చోట వాటిని ఏనుగులంటారట.
ఏదైతేనేం, ఈ గాజులో పట్టలేదు.

బాగుచేస్తానన్నాను. పనిముట్టు దొరకాలన్నాను.
రెండు వారాలన్నాను.
మా ఊళ్ళో రెండు వారాలంటే ఎంతో అందరికీ తెలుసు.

మార్చి చివర్లో వెళ్ళాను.
చట్రం మీద అటూ ఇటూ సుద్దగళ్ళు, పక్కకి ఎనిమిది.
రొట్టెపిండి ముద్దలతో అంటించిన చెక్కపడవలు,
వాటి ముందు ఒక్కో సిపాయి.
ఆట నడుస్తుంటే ఆయన లేచి,
కనపడని ఎత్తేదో పోల్చుకుని,
పడవని ఒక గడి జరిపి కూర్చుంటాడు.
పొద్దున్నే హ్రనూష్ తడిగుడ్డతో గళ్ళు తుడిచేస్తుంది.
సాయంత్రం ఆయన మళ్ళీ గీస్తాడు.
పోట్లాట కాదట, పని పంచుకోవడమట.

రెండో చెయ్యి జేబులో పెట్టి
వెనక చెక్క విప్పాను.
కాలిన దుమ్ము వాసన,
ఎలుకెప్పుడో దాచుకున్న పొద్దుతిరుగుడు పొట్టు,
లోపలెక్కడో గోరంత స్క్రూ, బొమ్మ వెడల్పుది.
ముందు ఏం జరుగుతోందో నాకు కనపడాలని
హ్రనూష్ గోడ అద్దం దించి ఎదురుగా పట్టుకుంది.
టీవీ నడుస్తుండగానే, ఊపిరి బిగబట్టి, పావు చుట్టు.
ఇరుకు బస్సులో పక్కవాళ్ళకి చోటిచ్చే మనిషిలా
బొమ్మ భుజాలు ముడుచుకుంది.
పడవలు ఒడ్డుకొచ్చాయి.

వరజ్దాత్ చాలాసేపు చూశాడు.
సుద్దగళ్ళలో ఆయన తెల్లపడవ
నాలుగిళ్ళు ఎగబాకి దాడిలో ఉంది.
గాజులో అదే పడవ
ఆట మొదలైన మూలనే, కట్టేసినట్టు.
"అది కదల్లేదని చెప్పానా," అంది అద్దం వెనకనుంచి హ్రనూష్.
ఆయన పడవని పీకాడు. ఎండిన పిండి
చొక్కా మీద రాలింది, దులుపుకోలేదు.

డబ్బులు లెక్కపెట్టి ఇచ్చాడు.
తలుపు దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగాడు:
"ఆ స్క్రూ ఇటు తిరిగింది కదా,
అటు కూడా తిరుగుతుందా?"

తిరుగుతుందన్నాను.
రెండు వారాలు పడుతుందన్నాను.