ఒకవైపు కమ్మీ

నలభై ఏళ్ళు లేసు అల్లినదాన్ని.
పువ్వు, ఆకు, గొలుసు, మళ్ళీ పువ్వు.
దారం కనిపించడం మానేసినప్పుడు
ముందు దీపాన్ని తిట్టాను,
తర్వాత దారాన్ని.
తప్పు కళ్ళదని ఒప్పుకోడానికి
రెండు వానాకాలాలు పట్టింది.

నరం ఎండిపోయిందన్నారు రాజమండ్రి డాక్టరుగారు,
కాలవ కట్టేసిన వేసవిలో పిల్లబోదెలాగా.
జూన్‌లో మళ్ళీ నీళ్ళొదులుతారు గదండీ, అన్నాను.
ఆయన మాట్లాడలేదు.
కలానికి మూత పెట్టిన చప్పుడు వినబడింది.
ఆ రోజు నుంచే
చప్పుళ్ళు దాచుకోవడం మొదలెట్టాను.

లాకుల దగ్గర నడకవంతెన,
రెండు మూరల వెడల్పు, పట్టుకోడానికి కమ్మీ లేదు.
ఇవతల మా పేట.
అవతల లేసు కొనే షావుకారు, మందుల షాపు, నరసాపురం బస్సు,
మిగతా లోకం.
మల్లాడి ఎల్లారావు అక్కడే పడిపోయాడు
చేపల బుట్టతో సహా.
ఈతగాడు గనక బతికాడు.
చేపలు మాత్రం పుట్టింటికెళ్ళిపోయాయి, అంటాడు.
అని నవ్వి,
చాలాసేపు ఊరుకుంటాడు.

అలా మొదలైంది మా రెండో శనివారం,
మూతపడ్డ కొబ్బరిపీచు షెడ్డులో.
వచ్చినవాళ్ళు వచ్చినట్టు పేరు చెప్పాలి,
అదొక్కటే రూలు.
కొల్లాబత్తుల సువార్తమ్మ, వచ్చాను.
మల్లాడి ఎల్లారావు, వచ్చాను.
షేక్ మస్తాన్‌బీ, వచ్చా, మనవడు కూడా వచ్చాడు,
వాడికి కనిపిస్తుంది, ఏమనుకోకండి.
పేరు వినబడిన వైపుకి
మిగతా మొహాలు తిరగడం గాల్లో తెలుస్తుంది,
ఈనిన వరిచేను ఒక్కసారిగా ఒరిగినట్టు.

పితాని సత్తిరాజు చిన్నవాడు, మా అందరికీ మేష్టారు.
ఐదొందల నోటు ఎలా మడవాలో నేర్పాడు,
మరిగే పాలని చెవితో ఎలా దించాలో.
కర్రతో నేలని కొట్టకమ్మా, అన్నాడు నాతో,
అడుగు.
అడుగంటే పాదమా, ప్రశ్నా అన్నాను.
రెండూ, అన్నాడు.

అడిగాం.
మూడు సోమవారాలు, మూడు అర్జీలు.
పరిశీలిస్తామన్న రసీదులు మూడూ
ఎల్లారావు చొక్కా జేబులో చెమటకి మెత్తబడ్డాయి.
నాలుగోసారికి సత్తిరాజు
రాత్రంతా చుక్కలు పొడిచాడు,
ఆకాశంలో కాదు, అట్టకాయితం మీద.

తెల్లకాయితం ఇచ్చారేటండీ, అన్నారు ఆఫీసరుగారు.
ఆయ్, మీ రసీదులు కూడా మాకు అలాగే ఉన్నాయండి,
అంది మస్తాన్‌బీ.

ఎవరో బంట్రోతు నవ్వబోయి దగ్గాడు.
ఫ్యాను తిరుగుతోంది, ఒక రెక్క వదులు.
అసలు మీలాంటివాళ్ళు ఎంతమందుంటారు, అని అడిగారు.
మాకు తెలిసిన పద్ధతి ఒక్కటే,
వరసగా పేర్లు చెప్పాం.
సువార్తమ్మ, వచ్చాను.
ఎల్లారావు, వచ్చాను.
పదకొండో పేరు దగ్గర
కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు.
ఆయన లేచి నిలబడ్డారో
ఫోనొచ్చి బయటికెళ్ళారో
నాకిప్పటికీ తెలియదు.

మొన్న కాలవ కట్టేసినప్పుడు కమ్మీ వేశారు.
ఒకవైపే.
రెండోవైపుకి డబ్బుల్లేవట.
వెళ్ళేటప్పుడు కుడిచేతికి చల్లగా ఇనుము,
కింద నీళ్ళు వాటి పని అవి చూసుకుంటాయి.
వచ్చేటప్పుడు వంతెన మొదట్లో ఆగి
లేసు సంచి ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుంటాను.
ఎదురుగా ఎవరైనా వస్తే
కమ్మీ ఎవరిది, గాలి ఎవరిది,
అక్కడే నిలబడి తేల్చుకోవాలి.
గోదారి ఒక్క గట్టుతో పారుద్దేటండీ,
అని ఎల్లారావు కొత్త అర్జీకి మొదటి వాక్యం చెప్పాడు.
సత్తిరాజు పొడుస్తున్నాడు.

రేపు రెండో శనివారం.
ఇవాళ పట్టుకుంటే అరచేతికి జిగురు తగిలింది,
పెయింటు ఇంకా ఆరలేదు.
ఏం రంగు వేశారో
మాలో ఒక్కరికీ తెలియదు.
మస్తాన్‌బీ మనవణ్ణి
అడగాలి.